అప్‌డేట్: ఇంక్‌స్కేప్ కొత్త వెర్షన్‌లో పాత ఫైళ్ల కొలతలు తగ్గే సమస్య తీరింది

సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ పాత వెర్షన్ 0.91లో గీసిన 100 మి.మీ. డిజైన్ కొత్త వెర్షన్‌లో 93.75 మి.మీ. చూపిస్తోందని అడిగాను. కారణం డీపీఐ (ఒక అంగుళాన్ని ఎన్ని పిక్సెళ్లుగా లెక్కిస్తుందన్నది) అన్నవాళ్లదే సరైన మాట: 0.91 దాకా అంగుళానికి 90 పిక్సెళ్లు, 0.92 నుంచి 96. తేడా కచ్చితంగా ఆ నిష్పత్తే.

పాత ఫైల్ తెరవగానే వచ్చే పెట్టెలో స్క్రీన్ కోసం కాకుండా ప్రింట్, 3డీ ప్రింట్ లాంటి వాటి కోసం అన్న ఆప్షన్ ఎంచుకుంటే కొలతలు సరిగ్గా వచ్చాయి. బ్యాకప్ టిక్ మాత్రం తీయొద్దు, కొత్త వెర్షన్‌లో సేవ్ చేశాక ఆ ప్రశ్న మళ్లీ రాదు. ఇప్పటికే చిన్నదైపోయి సేవ్ అయిన ఫైలైతే, అన్నీ సెలెక్ట్ చేసి ట్రాన్స్‌ఫార్మ్‌లో స్కేల్ 106.667 శాతం ఇవ్వండి. స్ట్రోక్ (గీత) వెడల్పు కూడా స్కేల్ అయ్యే సెట్టింగ్ ముందే ఆన్ చేసుకోవాలి.

రీఇన్‌స్టాల్ చేయమని, ఫాంట్లు చూడమని వచ్చిన సలహాలకు దీనితో సంబంధం లేదు.