జానపద కళలను కాపాడదామంటే అమెరికా వద్దనడమేంటి?

గ్రూప్1_మూడోసారి:
అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని చదువుతున్నాను. నిన్న మాక్ టెస్టులో యునెస్కో 2005 సాంస్కృతిక వైవిధ్య ఒప్పందం మీద పది మార్కుల ప్రశ్న పడింది. పారిస్‌లో ఆ అక్టోబర్ 20న ఓటింగ్ పెడితే 148 దేశాలు సరే అన్నాయి, నాలుగు తటస్థంగా ఉన్నాయి, వద్దన్నవి అమెరికా, ఇజ్రాయెల్ రెండే. ఇంతవరకే నా నోట్స్‌లో ఉంది. కళలు, భాషలు కాపాడుకుందామంటే వద్దనడానికి ఏముంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ట్రేడ్_లా_మేడమ్:
జానపద కళలు 2003 నాటి వేరే ఒప్పందంలోవి బాబూ. 2005 నాటి దాంట్లో గొడవంతా సినిమా, టీవీ, పుస్తకం, పాట గురించి, అంటే డబ్బులిచ్చి కొనుక్కునే వాటి గురించి.

కెనడా కథ తెలిస్తే సగం అర్థమవుతుంది. అమెరికా పత్రికలు కెనడా ఎడిషన్ వేసి అక్కడి ప్రకటనలన్నీ ఎగరేసుకుపోతున్నాయని, ఆ ప్రకటనల మీద కెనడా 80 శాతం పన్ను వేసింది. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆ కేసు ఓడిపోయింది. దాంతో సంస్కృతికి అక్కడ న్యాయం జరగదు, యునెస్కోలో వేరే ఒప్పందం కావాలని కెనడా, ఫ్రాన్స్ పట్టుబట్టాయి. 1984లో యునెస్కోను వదిలేసిన అమెరికా 2003లో తిరిగొచ్చేసరికి ఈ ఒప్పందం రాయాలన్న ప్రతిపాదన సిద్ధంగా ఉంది. సంస్కృతి పేరు చెప్పి మా సినిమాలకు అడ్డుగోడ కడుతున్నారన్నది వాళ్ల వాదన. నిజం చెప్పాలంటే అందులో అబద్ధం పెద్దగా లేదు.

అసలు కుస్తీ 20వ అధికరణం దగ్గర. మొదటి పేరా ఈ ఒప్పందం మరే ఒప్పందానికీ లోబడి ఉండదంటుంది. రెండో పేరా ఇతర ఒప్పందాల కింద ఉన్న హక్కులనూ బాధ్యతలనూ ఇది మార్చదంటుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు! ఈ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఏది నెగ్గుతుందని అడిగితే, ఏటా నా క్లాసు రెండు ముక్కలవుతుంది.

సువాన్_ఇంజనీర్:
మేడమ్ గారు చెప్పినదానికి కొరియా మంచి ఉదాహరణ. నేను ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ ప్రతి థియేటర్ ఏడాదికి ఇన్ని రోజులు కొరియన్ సినిమాయే వేయాలని రూల్. అప్పట్లో అది 146 రోజులు. 2005లో పారిస్‌లో ఒప్పందానికి ఓటేసిన కొరియా, అమెరికాతో వాణిజ్య చర్చలు మొదలుపెట్టడం కోసం 2006 జూలై నుంచి దాన్ని 73 రోజులకు కోసేసింది. నటుడు చోయ్ మిన్-సిక్ నిరసనగా ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని వెనక్కిచ్చేశాడు. మా ఆఫీసులో పెద్దవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

గ్రూప్1_మూడోసారి:
మరి ఒప్పందం ఉండి ఏం లాభం మేడమ్? మనం సంతకం పెట్టామా?

ట్రేడ్_లా_మేడమ్:
భారత్ 2006 డిసెంబర్‌లో ఆమోదించింది. 2007 మార్చి 18 నుంచి ఒప్పందం అమల్లో ఉంది. లాభం అంటావా, కోటాలు, సబ్సిడీలు పెట్టుకునే హక్కు మాకుందని దేశాలు చెప్పుకోవడానికి ఒక కాగితం దొరికింది. కానీ తగాదా వస్తే తీర్పిచ్చే కోర్టు లేదు, రాజీ సంఘం మాత్రమే ఉంది. అదీ వద్దని ముందే చెప్పేసే వీలుంది. నిధి ఉంది గానీ, ఇష్టమైనవాళ్లు ఇష్టమైనంత వేస్తారు. తటస్థంగా ఉన్న ఆస్ట్రేలియా 2009లో వచ్చి చేరింది, అది కూడా రాసుకో. ఇంతకీ మార్కులెన్ని?

గ్రూప్1_మూడోసారి:
పదికి రెండు మేడమ్. తోలుబొమ్మలాట మీద పేజీన్నర రాశాను.