ఇయర్ ఎండ్ సన్మానానికి 4 లక్షల 20 వేలు: పెట్టాలా, ఆపాలా?

నార్త్ హాస్టల్ చాయ్:
అందరికీ నమస్తే. ఉగాది అయినంక మన క్యాంపస్‌ల ఇయర్ ఎండ్ కృతజ్ఞతా సభ పెడ్తున్నరు కదా, దాని ఎస్టిమేట్ కమిటీ వాట్సాప్ గ్రూపుల తిరుగుతున్నది. స్టేజీ, షామియానా, సౌండ్ కలిపి 1,10,000. శాలువాలు మొమెంటోలు 80 మందికి, మనిషికి 1,200 లెక్కన 96,000. లంచ్ 700 ప్లేట్లు, ప్లేటు 220, అంటే 1,54,000. సాయంత్రం బ్యాండ్ 60,000. మొత్తం 4,20,000. ఈ పైసలు స్టూడెంట్ వెల్ఫేర్ ఫండ్‌వి, అంటే అడ్మిషన్ టైంల మనం ఫీజుతో కట్టినయే. మెస్సుల వండేటోళ్ళు, హాస్టళ్ళు ఊడ్చేటోళ్ళు, గేటు కాడ సెక్యూరిటీ, తోట పనోళ్ళు, అందరూ కలిపి అవుట్‌సోర్సింగ్ వాళ్ళు 212 మంది ఉన్నరు. వాళ్ళకి పోయిన నెల జీతం ఇంకా పడలే. స్టేజీ, బ్యాండ్ తీసేసి ఆ 1,70,000 పంచితే మనిషికి 800 వస్తయి. ఏమంటరు?

బగారా దాల్చా:
లంచ్ జోలికి మాత్రం పోకండి. డబుల్ కా మీఠా ఉందా మెనూల?

కల్చరల్ కమిటీ కుర్రాడు:
ఎస్టిమేట్ బయటపెట్టింది ఎవరో మాకు తెలుసు, సరే వదిలేయండి. ముందు ఒకటి క్లియర్ చేస్తా. ఈ డబ్బు మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే లాప్స్ అయిపోతుంది, ఆఫీసులోనే చెప్పారు మాకు. బ్యాండ్ తీసేస్తే ఆ 60 వేలు ఎవరికీ రావు, వెనక్కి పోతాయంతే. మేము క్లాసులు మానుకుని బేగం బజార్ చుట్టూ మొమెంటోల కోసం తిరుగుతున్నాం, ఒక్కరు కూడా వచ్చి సాయం చేస్తామనలేదు, కానీ లెక్క అడగడానికి మాత్రం అందరూ ఉన్నారు.

ఆరో ఏడు స్కాలర్:
లాప్స్ అవుతుందా? ఏది లాప్స్ అవుతుంది? యూజీసీ నుంచి వచ్చే గ్రాంట్‌కి ఆ మాట చెప్తే అర్థం ఉంది. స్టూడెంట్ వెల్ఫేర్ ఫండ్ మనం కట్టింది, యూనివర్సిటీ ఖాతాలో ఉంటుంది, ఏప్రిల్ 1న కూడా అక్కడే ఉంటుంది. నాకు నాన్-నెట్ ఫెలోషిప్, అంటే నెట్ పరీక్ష ద్వారా కాకుండా పీహెచ్‌డీ వాళ్ళకి ఇచ్చేది, నెలకి 8,000, అది ఐదు నెలలుగా రాలేదు, అడిగితే గ్రాంట్ రాలేదు అంటారు, అదే మార్చిలో మా డిపార్ట్‌మెంట్‌లో కమిటీ రూముకి కొత్త ఏసీలు దిగాయి. ఎందుకు సార్ అంటే లాప్స్ అయిపోతాయి కాబట్టి అన్నారు. ఈ లాప్స్ అనే మాట విని విని నాకు కడుపు మండిపోయింది. ఎవరు చెప్పారో పేరు చెప్పు, రాతపూర్వకంగా ఇవ్వమను.

కల్చరల్ కమిటీ కుర్రాడు:
నాకు చెప్పిన మాట నేను చెప్పా. నేను అకౌంటెంట్ని కాదు అన్నా.

ఆరో ఏడు స్కాలర్:
కాకపోతే లాప్స్ అని రాయొద్దు.

రిటైర్డ్ ఫైలు:
నేను ఇలాంటి ఒక క్యాంపస్‌లోనే ముప్పై ఏళ్ళ పైన పనిచేసి సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరయ్యానండి, అకౌంట్స్‌లో కూడా కొన్నాళ్ళు చేశాను కాబట్టి చెప్తున్నా. పిల్లాడు చెప్పింది సగం తప్పు, స్కాలర్ గారు చెప్పింది ముప్పావు కరెక్ట్. ప్రభుత్వ గ్రాంట్ అయితే ఏడాది చివర డబ్బు దేనికి వాడామో చెప్పే యూటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి, మిగిలినదానికి లెక్క చెప్పాలి, అందుకే మార్చిలో అందరూ పరుగులు పెడతారు. ఆ పరుగు కూడా తప్పే. కేంద్ర ప్రభుత్వ ఖర్చులకి వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో రూల్ 62లో స్పష్టంగా ఉంది, ఆఖరి నెలల్లో హడావిడిగా ఖర్చు పెట్టడం ఆర్థిక క్రమశిక్షణ ఉల్లంఘన కిందికే వస్తుందని. విద్యార్థుల నిధికి ఈ లాప్స్ గొడవ లేదు. అంతవరకు ఒప్పుకున్నా. కానీ శాలువా వద్దు, స్టేజీ వద్దు అనేదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. నేను రిటైరైన రోజు సాయంత్రం నాలుగింటికి కాన్ఫరెన్స్ హాల్లో కుర్చీ వేసి ఒక శాలువా కప్పారు, మా ఆవిడ, అమ్మాయి వచ్చారు, నా పేరు మైకులో చదివారు. తర్వాత వాడుకోని సెలవులకి డబ్బు వచ్చే లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ ఫైలు నేనే టేబుల్ టేబుల్‌కీ తిప్పుకున్నాను, ఒకప్పుడు నా కింద పనిచేసినవాళ్ళే రేపు రండి అన్నారు. అందులో నాకు మిగిలింది ఆ శాలువా ఒక్కటే. అందుకని దాన్ని చులకన చేసి మాట్లాడితే బాధేస్తుంది.

బగారా దాల్చా:
సార్ శాలువా ధర 1,200 ఎక్కువ కదా, పోచంపల్లి అయితే ఓకే, పాలిస్టర్‌కి అంతా?

కల్చరల్ కమిటీ కుర్రాడు:
1,200లో మొమెంటో కూడా ఉంది. శాలువా 650. పోచంపల్లిది ఆ రేటుకి రాదు.

ఆరో ఏడు స్కాలర్:
650కి పాలిస్టరే. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకేనన్న గుర్తింపు, వచ్చింది, నేత పని చూసినోళ్ళకి తెలుసు దాని విలువ ఎంతో. కోఠీలో సుల్తాన్ బజార్‌లో కొన్న డజను ప్యాకెట్ శాలువాలకి గౌరవం అని పేరు పెట్టొద్దు.

రిటైర్డ్ ఫైలు:
గౌరవం బట్టలో ఉండదు బాబూ, కప్పడంలో ఉంటుంది.

నార్త్ హాస్టల్ చాయ్:
సార్, శాలువా మీద నాకేం పంచాయితీ లేదు. 80 శాలువాలు ఎవరికో చెప్పండి. రిటైరయ్యేటోళ్ళు ఈసారి 11 మందే. మిగిలిన 69 ఎవరికి?

కల్చరల్ కమిటీ కుర్రాడు:
వార్డెన్లు, డీన్లు, గెస్టులు, కన్వీనర్లు, ప్లేస్‌మెంట్ సెల్, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు, స్పోర్ట్స్, స్పాన్సర్లు. అందరినీ పిలిచి కొందరికి కప్పి కొందరిని వదిలేస్తే ఎంత గొడవవుతుందో మీకు తెలీదు, పోయినేడాది ఒక కన్వీనర్ మూడు నెలలు మాతో మాట్లాడలేదు.

బగారా దాల్చా:
అంటే శాలువా వేస్తే నోరు మూతపడుద్ది అన్నమాట.

లైబ్రరీ మూల:
పోయినేడాది లంచ్‌లో నేనున్నా. వడ్డించింది మెస్ వాళ్ళే, టేబుళ్ళు తుడిచింది హౌస్ కీపింగ్ వాళ్ళే, సాయంత్రం కుర్చీలు మడిచి లోడ్ చేసింది కూడా వాళ్ళే. వాళ్ళ వంతు వచ్చేసరికి బిర్యానీ అడుగున మసాలా, పెరుగన్నం మిగిలింది. ఎవరికి కృతజ్ఞత చెప్పుకున్నామో నాకు అర్థం కాలేదు.

ఆరో ఏడు స్కాలర్:
అదే చెప్తున్నా. రద్దు చేయండి మొత్తం. మనిషికి 800 పంచుడు కూడా వద్దు. జీతం ఎగ్గొట్టినోడు కాంట్రాక్టర్, మనం దసరా మామూలు ఇచ్చినట్టు కవర్లో 800 పెట్టి దండం పెడితే కాంట్రాక్టర్ మీద ఒత్తిడి ఎట్లా వస్తుంది? పైగా అడ్మినిస్ట్రేషన్ ఫోటోలు దిగి తాము ఇచ్చినట్టే చెప్పుకుంటుంది.

నార్త్ హాస్టల్ చాయ్:
అన్నా నువ్వు థియరీ చెప్తున్నవ్. ఇంటి కిరాయి కట్టాల్నంటే 800 కూడా పైసలే.

ఆరో ఏడు స్కాలర్:
800కి గచ్చిబౌలి చుట్టుపక్కల ఎవరు రూమిస్తారు? నువ్వే చెప్పు.

నార్త్ హాస్టల్ చాయ్:
నీకు ఫెలోషిప్ రాకపోతే ధర్నా చేస్తవ్, వాళ్ళకి రాకపోతే థియరీ.

ఆరో ఏడు స్కాలర్:
మాట జాగ్రత్త. పోయినేడు మెస్ వాళ్ళ జీతం కోసం రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చున్నది నేనే, నువ్వు ఫెస్ట్ పాసులు అమ్ముకుంటున్నావ్ అప్పుడు. ఇంక రిటైర్డ్ ఫైలు గారూ, మీకూ ఒక మాట. మీలాంటివాళ్ళు ముప్పై ఏళ్ళు ఫైలు మీద కూర్చుని కొర్రీలు పెట్టారు కాబట్టే ఇవాళ మీ ఫైలు కూడా తిరగలేదు. శాలువా కథ చెప్పి ఏడిపించొద్దు.

రిటైర్డ్ ఫైలు:
నోరు అదుపులో పెట్టుకోండి. మీ ఫెలోషిప్ బిల్లులు పాస్ చేసినవాళ్ళలో మాలాంటివాళ్ళూ ఉన్నారు, ఆదివారాలు వచ్చి మరీ చేశాం. పెన్షన్ మీద బతికేవాడిని కాబట్టి ఎవరైనా ఏదైనా అనొచ్చా? ఇది చివరి మాట, ఇంక రాయను.

మోడరేటర్:
వ్యక్తిగత మాటలు ఆపండి. ఇద్దరికీ చెప్తున్నా.

లైబ్రరీ మూల:
గొడవ పక్కన పెట్టి ఇది చూడండి. సన్మానాల లిస్ట్ ఎక్సెల్ షీట్ నేను ప్రింట్‌లో చూశా. 11 మంది రిటైరయ్యేవాళ్ళకి పూర్తి పేరు, డిజిగ్నేషన్, చేరిన సంవత్సరం ఉన్నాయి. డీన్లకి పేర్లు ఉన్నాయి. అడుగున నాలుగు లైన్లు ఇలా ఉన్నాయి: "హౌస్ కీపింగ్ (1), సెక్యూరిటీ (1), మెస్ (1), గార్డెన్ (1)". పేరు లేదు. మనిషి ఎవరనేది లేదు, సంఖ్య మాత్రమే. కల్చరల్ తమ్ముడూ, ఎందుకలా?

కల్చరల్ కమిటీ కుర్రాడు:
ఈ సంగతి నేను రాయకూడదనుకున్నా. మేము మొదట పేర్లు వేశాం. మెస్‌లో అక్కని, నైట్ సెక్యూరిటీ అన్నని ఓటింగ్ పెట్టి మరీ ఎంచుకున్నాం. ఆఫీస్ నుంచి ఫోన్ వచ్చింది, సర్టిఫికెట్ మీద అవుట్‌సోర్సింగ్ వాళ్ళ పేరు, ఎన్నేళ్ళుగా పని చేస్తున్నారు అనేది రాయొద్దు, ఏజెన్సీ పేరు రాసి ఏజెన్సీ వాళ్ళకి ఇవ్వండి అని. ఎందుకని అడిగితే లీగల్ అన్నారు. అందుకే (1) అని పెట్టాం.

బగారా దాల్చా:
అంటే అక్కకి కాదు, అక్క కాంట్రాక్టర్‌కి శాలువానా??

నార్త్ హాస్టల్ చాయ్:
ఇగో, అసలు ముచ్చట ఇప్పుడు బయటపడ్డది. ఆ మెస్ అక్క నేను డిగ్రీల చేరిన కాడి నుంచి చూస్తున్న. పొద్దున ఇడ్లీ పిండి తీసేటప్పటికి బయట ఇంకా చీకటే ఉంటది. ఏజెన్సీ మారినప్పుడల్లా మెడల ట్యాగు రంగు మారుతది, మొదల్ల నీలం ఉండె, తర్వాత పచ్చ, ఇప్పుడు నారింజ. మనిషి గదే, గంటె గదే, కాని కాగితం మీద ప్రతిసారి కొత్తగ చేరినట్టే. ఏ ఏడాది చేరిందో సర్టిఫికెట్ మీద రాస్తే ఆఫీసుకి భయం ఎందుకు?

రిటైర్డ్ ఫైలు:
రాయను అన్నాను కానీ ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నా. భయం ఎందుకంటే అది సాక్ష్యం అవుతుంది కాబట్టి. యూనివర్సిటీ ముద్ర ఉన్న కాగితం మీద ఫలానా మనిషి ఇన్నేళ్ళుగా మా దగ్గర పనిచేస్తోందని ఉంటే రేపు కోర్టులో మేము మీ మనుషులమే అని అడగడానికి ఆధారం. గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం, రావాలంటే 1972 చట్టం నాటి నుంచీ మామూలుగా ఐదేళ్ళు ఒకే యజమాని దగ్గర ఆగకుండా చేసి ఉండాలి. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టు రాస్తే ఆ ఐదేళ్ళు ఎప్పటికీ నిండవు. నేనైనా ఆ కుర్చీలో ఉంటే పేర్లు వద్దనే రాసేవాడిని. యూనివర్సిటీని కోర్టు పాలు చేయడం నా పని కాదు. వాళ్ళు కాంట్రాక్టర్ మనుషులు, అది చేదుగా ఉన్నా రికార్డు ప్రకారం నిజం.

ఆరో ఏడు స్కాలర్:
ఇప్పుడు సూటిగా మాట్లాడారు, అందుకు థాంక్స్. మీకూ నాకూ తేడా ఇదే అండి, పైసలు కాదు, శాలువా కాదు. మీ లెక్కలో క్యాంపస్ అంటే పే రోల్ మీద ఉన్నవాళ్ళు. నా లెక్కలో రాత్రి గేటు దగ్గర కూర్చున్నవాడు కూడా. మరి రికార్డు సంగతే మాట్లాడుకుందాం. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే పని చేయించుకునే సంస్థ, కట్టి తర్వాత కాంట్రాక్టర్ బిల్లులో కోసుకోవాలి అని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే సెక్షన్ 21లో ఉండేది, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లోనూ ఉంది. అది కూడా రికార్డే కదా?

రిటైర్డ్ ఫైలు:
ఉంది. కాదనను. బిల్లు పాస్ చేసే ముందు జీతాలు బ్యాంకులో వేసిన స్టేట్‌మెంట్, ఈపీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు జతచేయమని రాస్తాం. కొన్ని చోట్ల జిరాక్సులు చూసి టిక్కు పెట్టేస్తారు. ఎవరూ పేర్లతో సరిచూడరు.

నార్త్ హాస్టల్ చాయ్:
సార్ మరి అది మనం అడగొచ్చా? స్టూడెంట్లుగా?

రిటైర్డ్ ఫైలు:
ఆర్టీఐలో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంకా తేలిక, వెల్ఫేర్ ఫండ్ కమిటీలో విద్యార్థి ప్రతినిధి ఉంటే వచ్చే ఏడాది బడ్జెట్ ఎస్టిమేట్ పెట్టేటప్పుడే రాతలో పెట్టించండి: మెస్ ఏజెన్సీకి ఆ నెల జీతాల స్టేట్‌మెంట్ లేకుండా బిల్లు వద్దు అని. అది శాలువా కన్నా పనికొస్తుంది. ఈ మాట అన్నానని శాలువా వద్దన్నానని మాత్రం అనుకోవద్దు.

ఆరో ఏడు స్కాలర్:
సభ వద్దనే మాట మీద నేను మారలేదు. వాళ్ళ పేరు రాయలేని సభకి నేను రాను.

కల్చరల్ కమిటీ కుర్రాడు:
సౌండ్ వాళ్ళకి అడ్వాన్స్ ఇచ్చేశాం, సభ ఆగదు. నా చేతిలో ఉన్నది చెప్తా. స్పాన్సర్ల శాలువాలు, కన్వీనర్ల శాలువాలు తీసేయొచ్చు, గొడవ నేను పడతా. సర్టిఫికెట్ యూనివర్సిటీది కాకుండా స్టూడెంట్ యూనియన్ పేరు మీద వేస్తే ఆఫీసు అడ్డం చెప్పలేదు, దాని మీద పేరు, చేరిన ఏడాది రెండూ వేస్తాం. కానీ 212 మంది పేర్లు నా దగ్గర లేవు. డే షిఫ్ట్ వరకు తెస్తా. నైట్ సెక్యూరిటీ వాళ్ళవి ఎవరు తెస్తారు?

బగారా దాల్చా:
వడ్డించేది ఈసారి మనం. హాస్టల్ నుంచి ఇరవై మందిని నేను పట్టుకొస్తా. మొదటి పంక్తి వాళ్ళది.

నార్త్ హాస్టల్ చాయ్:
నైట్ షిఫ్ట్ పేర్లు నేను తెస్త, పదకొండు దాటినంక మెయిన్ గేటు కాడికే చాయ్‌కి పోత ఎట్లైనా. ఎప్పుడు చేరిన్రో అడిగి రాస్త. బ్యాండ్ సంగతి తేలలేదు మరి, ఆ 60,000?

కల్చరల్ కమిటీ కుర్రాడు:
బ్యాండ్ ఉంటుంది అన్నా. దాని మీద మళ్ళీ మొదలుపెట్టకు.

ఆరో ఏడు స్కాలర్:
మొదలుపెడతాం.