బానెట్ కింద ఆటోమేటిక్ ఫైర్ డివైస్ పెట్టించడం దండగా? వాడినవాళ్లు చెప్పండి

పాతబండి:
అందరికీ నమస్కారం. పోయిన వారం రాత్రి కారు నడుపుతుంటే రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. ముందు వెళ్తున్న లారీదేమోలే అనుకుని ఇంకో పది నిమిషాలు అలాగే పోనిచ్చాను (తిట్టండి, తప్పు నాదే). చివరికి పక్కకి ఆపి బానెట్ ఎత్తి చూస్తే, రెండు నెలల కింద కొత్త హారన్ కోసం లాగించిన వైరు రేడియేటర్ దగ్గర రేకు అంచుకి రాసుకుని రాసుకుని పైతొడుగు కరిగిపోయింది, లోపలి రాగి తీగ కనబడుతోంది. పక్కనున్న ప్లాస్టిక్ డొప్ప మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మచ్చ. మంట రాలేదు, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఈ ఆటోమేటిక్ డివైస్‌ల గురించి వెతుకుతున్నా. మూడు రకాలు కనబడ్డాయి. ఒకటి గాజు బల్బు ఉన్న చిన్న గొట్టం, బానెట్ లోపల అతికిస్తే వేడికి అదే పనిచేస్తుందట. రెండోది బంతి. మూడోది ఇంజిన్ చుట్టూ తిప్పే ప్లాస్టిక్ ట్యూబు. అమ్మేవాళ్ల వీడియోల్లో అన్నీ మూడు సెకన్లలో మంట ఆర్పేస్తున్నాయి. నిజంగా అంత పని చేస్తాయా? ఇంకోటి, మెట్ల కింద అల్మరాలో ఇన్వర్టర్, బ్యాటరీ ఉన్నాయి, అక్కడ కూడా ఇదే పెట్టొచ్చా? ఇంట్లో వాళ్లేమో "ఒక మంటలార్పే సిలిండర్ కొని సీటు కింద పడేస్తే పోయేదానికి ఇంత రీసెర్చా" అంటున్నారు.

స్పానర్ బాబాయ్:
ముందు ఒక్కటి చెప్పు తమ్ముడూ, ఆ హారన్ వైరుకి ఫ్యూజు ఉందా? ఉండదు. ఉంటే వైరు కరిగేదాకా వచ్చేది కాదు, రేకుకి తగలగానే ఫ్యూజు ఎగిరిపోయి హారన్ మూగబోయేది, నువ్వు హాయిగా నిద్రపోయేవాడివి. బయట వేయించిన లైట్లు, హారన్లు, యాంప్లిఫయర్లు, వీటిలో సగం వైర్లు బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా లాగేసి ఉంటాయి, ఫ్యూజు పెట్టినా అవతలి కొసన, సామాను దగ్గర పెడతారు. ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీకి జానెడు దూరంలో. ఎందుకంటే ఫ్యూజు కాపాడేది హారన్‌ని కాదు, వైరుని. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరు ఎక్కడ రేకుకి తగిలినా దాన్ని ఆపేవాడు లేడు.

ఇక డివైస్ సంగతి. నేను ముప్ఫై ఏళ్లుగా బానెట్లు ఎత్తుతున్నా. ఆ వీడియోల్లో చూపించేది మూత వేసిన పెట్టె. నీ ఇంజిన్ గది పెట్టె కాదు, కింద సగం తెరిచే ఉంటుంది, ముందు గ్రిల్లు, పైగా ఫ్యాను. బండి కదులుతుంటే గాలి ముందు నుంచి దూరి కిందకి పోతుంది. మంటార్పే మందు ఎంత మంచిదైనా అక్కడ నిలబడదు, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. సరే, అదృష్టం బాగుండి మంట ఒకసారి ఆరిందనుకో, పెట్రోలు పైపు కారుతుంటే పంపు ఇంకా పోస్తూనే ఉంటుంది, పక్కన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం) వందల డిగ్రీల్లో కాలుతూ ఉంటుంది, నిమిషంలో మళ్లీ రగులుకుంటుంది. మొదటిసారి ఆరిపోయింది కదా అని నువ్వు దగ్గరికెళ్లి తొంగి చూసే టైమ్‌కి.

అందుకని నా లెక్కలో అది నీకు ఒకటి రెండు నిమిషాలు కొనిపెడుతుంది, అంతకు మించి ఆశించకు. ఆ రెండు నిమిషాల్లో ఇగ్నిషన్ ఆఫ్ చేయాలి (చాలా బండ్లలో దాంతో పంపు ఆగుతుంది, ఫ్యాను మాత్రం కొన్నిటిలో ఆగదు), అందరూ దిగి దూరంగా పోవాలి. పొగ వస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తొద్దు. ఎత్తావంటే మంటకి గాలి దొరుకుతుంది, నీ మొహం మీదకే లేస్తుంది. లోపలి లివర్ లాగితే బానెట్ కొద్దిగా లేస్తుందే, ఆ సందులోంచి సిలిండర్ కొట్టాలి. సందులోంచే ఎర్రగా కనబడుతుంటే అదీ వద్దు, వదిలేసి రా. ఇంట్లో వాళ్లు చెప్పింది సగం కరెక్టు, సిలిండర్ ఉండాలి, కానీ సీటు కింద పడేస్తే బ్రేకు వేసినప్పుడు దొర్లుకుంటూ పెడల్ కిందకి వస్తుంది. బ్రాకెట్ వేసి బిగించు.

ప్యానెల్ బోర్డు:
బాబాయ్ చెప్పిన కారు సంగతికి నేను అడ్డు చెప్పను. కానీ "అతికించే గొట్టం" అంటే అందరూ బొమ్మలా చూస్తున్నారు, అది సరైన చోట పెడితే గట్టి వస్తువే. నాది కరెంటు ప్యానెళ్ల పని, మా దగ్గర ఇవి చాలా వాడతాం.

లోపల ఉండేది గ్యాసు కాదు, గట్టి ముద్ద. ఎక్కువగా పొటాషియం నైట్రేట్ ఆధారంగా చేసిన మిశ్రమం. వేడికి అది తనే కాలి, పొటాషియం లవణాల అతి సన్నని పొగమంచుని వదులుతుంది. ఆ రేణువులు మంటలో జరిగే గొలుసు చర్యని తెంచేస్తాయి, అందుకే గాలిలో ఆక్సిజన్ పెద్దగా తగ్గకపోయినా మంట పోతుంది. ఒకసారి మా ప్యానెల్‌లో నిజంగానే పేలింది, అంటే పేలడం కాదు, బుస్సుమని పాము బుస కొట్టినట్టు ఓ పది సెకన్లు. తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ. తెరిచి చూస్తే కాంటాక్టర్ (కరెంటు కలిపి తెంపే పెద్ద స్విచ్చు) ఒకటి బొగ్గయింది, పక్క వైర్లు అలాగే ఉన్నాయి, అన్నిటి మీదా పౌడర్ అద్దినట్టు తెల్లటి పూత. ఆ పూత తేమని పీలుస్తుంది, క్షార గుణం కూడా ఉంటుంది, వారం పాటు వదిలేస్తే రాగిని తినేస్తుంది. మేం మర్నాడే తుడిచేశాం.

ఎంత కావాలి అనేది ఘనపరిమాణం లెక్క. ప్రొడక్టుని బట్టి మారుతుంది కానీ క్యూబిక్ మీటరుకి 100 గ్రాముల చుట్టుపక్కల అనుకోండి. 2 మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు ఉన్న ప్యానెల్ ఒక క్యూబిక్ మీటరు కూడా రాదు. మూసి ఉంటే చిన్న గొట్టమే చాలు. అదే కొలత ఉన్న ఇంజిన్ గదికి ఈ లెక్క పనికిరాదు, కారణం పైన బాబాయ్ చెప్పేశాడు.

బల్బు రంగు చూసి కొనండి, ఇది మాత్రం ఎవరూ చెప్పరు. మంటొస్తే సీలింగ్ నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్లలో వాడే గాజు బల్బులే ఇవీ: ఎరుపు 68 డిగ్రీలకి పగులుతుంది, ఆకుపచ్చ 93కి, నీలం 141కి. ప్యానెల్‌కి ఎరుపు సరిపోతుంది. బానెట్ కింద ఎరుపు పెడితే ఏ మంటా లేకుండానే పగలొచ్చు, ఎందుకంటే బండి ఆపిన తర్వాతే అక్కడ వేడి ఇంకా పెరుగుతుంది, గాలి ఆడదు కాబట్టి.

ఇన్వర్టర్ అల్మరా విషయంలో ఒక చిక్కు ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. అందుకని ఆ అల్మరాకి గాలి ఆడే కంతలు ఉండి తీరాలి. డివైస్ బాగా పనిచేయాలని కంతలు మూసేశారో, లేని ప్రమాదాన్ని పిలిచి కూర్చోబెట్టినట్టే. నేనైతే బ్యాటరీని గాలి ఆడే చోటుకి మార్చి, ఇన్వర్టర్ ఒక్కదాన్నే చిన్న పెట్టెలో ఉంచి దానికి గొట్టం పెడతాను. అదీ ఒక షరతు మీద, గొట్టం పనిచేసిన వెంటనే కరెంటు కూడా కట్ అవ్వాలి. షార్ట్ ఉన్న వైరులో కరెంటు పారుతూనే ఉంటే మందు పని అయిపోయాక మళ్లీ అంటుకుంటుంది.

పాతబండి:
బాప్రే, బల్బు రంగు సంగతి అసలు తెలియదు. థాంక్స్ అండి. బాబాయ్, ఫ్యూజు లేదు, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో డౌటు, ఆ గొట్టం ఒకటి కారు లోపల డ్యాష్‌బోర్డు కింద కూడా పెట్టొచ్చా? మ్యూజిక్ సిస్టమ్ వైరింగ్ అంతా అక్కడే ఉంది. వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు, టెన్షన్‌గా ఉంది.

ర్యాలీ పిచ్చోడు:
వద్దు బ్రో, మనుషులు కూర్చునే చోట అది పెట్టకు. పిల్లలు ఉన్నారంటున్నావు కాబట్టి ఇంకా గట్టిగా చెప్తున్నా. ఆ పొగ వచ్చిందంటే లోపల ఏమీ కనబడదు, స్టీరింగ్ కూడా. నడుస్తున్న బండిలో అలా జరిగితే మంట కంటే ముందు గుద్దుకోవడమే. పైగా గొట్టం మూతి దగ్గర వచ్చే పొగ కాలే వేడి మీద ఉంటుంది, ఇంత దూరం వదలాలని కంపెనీయే రాస్తుంది, నీ డ్యాష్‌బోర్డు కింద మోకాలికి అంత దూరం ఎక్కడుంది?

రేసు కార్లలో లోపల కూడా సిస్టమ్ ఉంటుంది కదా అని అడుగుతావేమో. ఉంటుంది. కానీ దాన్ని నొక్కేది మనిషి. డ్రైవరు బెల్టు పెట్టుకుని కూర్చున్న చోటు నుంచే అందేలా ఒక స్విచ్చు, బయటి నుంచి మార్షల్స్ (రేసు దగ్గరుండే సేఫ్టీ సిబ్బంది) లాగడానికి ఇంకోటి. బయటి దాని దగ్గర తెల్లటి వృత్తంలో ఎర్ర ఇంగ్లీషు 'E' అక్షరం, చుట్టూ ఎర్ర అంచు, ఎఫ్ఐఏ (కారు రేసుల అంతర్జాతీయ సంస్థ) రూల్ అది. మేం రేసుకి ముందు దాని సేఫ్టీ పిన్ను తీశామా లేదా అని ఇద్దరం విడివిడిగా చెక్ చేస్తాం, ఒకసారి పిన్నుతోనే ర్యాలీలో ఒక స్టేజి (ఒక విడత రేసు) మొత్తం నడిపేసిన ఘనులం కాబట్టి. అక్కడ డ్రైవరుకి హెల్మెట్, మంటకి తట్టుకునే సూటు ఉంటాయి. నీ పిల్లలకి టీషర్టులు.

నువ్వు చెప్పిన మూడో రకం, ట్యూబు, నాకు మూడింట్లో అదే నచ్చుతుంది. ఒత్తిడి నింపిన ప్లాస్టిక్ ట్యూబు, ఎక్కడ బాగా వేడి తగిలితే అక్కడే మెత్తబడి చిట్లుతుంది. ఒక రకంలో ఆ చిల్లులోంచే మందు కొడుతుంది, ఇంకో రకంలో ట్యూబులో ఒత్తిడి పడిపోగానే సిలిండర్ వాల్వు తెరుచుకుని నాజిళ్లలోంచి వస్తుంది. మంట ఉన్న చోటుకే మందు వెళ్తుంది, అదీ దీని సుఖం. కష్టం ఏంటంటే ట్యూబు పొడవునా ఎక్కడ చిన్న లీకు ఉన్నా ఒత్తిడి దిగిపోతుంది, గేజి చూసే ఓపిక ఉండాలి. పెట్టి మర్చిపోయేవాళ్లకి కాదు.

బంతి మర్చిపో. అది వేడికి పేలదు, దాని వత్తికి మంట తగలాలి. బానెట్ కింద మంట ఎటు నుంచి లేస్తుందో నువ్వు ముందే చెప్పగలవా? పేలినప్పుడు శబ్దం కూడా మామూలుగా ఉండదు, నడుపుతున్నవాడి గుండె జారిపోతుంది.

రేవు దగ్గర:
కారు కాదు కానీ చిన్న పడవ ఇంజిన్ గది గురించి ఒక ముక్క, మీకు పనికొస్తుందేమో. అది నిజంగానే మూసి ఉన్న చోటు, కాబట్టి మా దగ్గర ఆటోమేటిక్ సిస్టమ్ బాగానే పనిచేస్తుంది. అయినా మొదట్లో ఒక తప్పు చేశాను. సిస్టమ్ పెట్టించాను, ఇంజిన్ ఆపే కనెక్షన్ పెట్టించలేదు. చెక్ చేయడానికి వచ్చినాయన చూసి నవ్వాడు. "మంట వచ్చి గ్యాసు వదిలిందనుకో, నీ డీజిల్ ఇంజిన్ ఆ గ్యాసునంతా పీల్చేసి పొగగొట్టం గుండా సముద్రంలోకి ఊదేస్తుంది, గది మళ్లీ మామూలు గాలితో నిండుతుంది" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇప్పుడు సిస్టమ్ పనిచేస్తే ఇంజినూ, లోపలి గాలి ఫ్యానూ రెండూ ఆగిపోతాయి. పైమూతకి బొటనవేలంత కన్నం ఒకటి పెట్టి దానికి చిన్న బిరడా వేయించాను, పైమూత ఎత్తకుండా అందులోంచి చేతి సిలిండర్ కొట్టడానికి.

ఇంకోటి, ఇలాంటి చోట కార్బన్ డయాక్సైడ్ ఆటోమేటిక్‌గా వదిలే సిస్టమ్ మాత్రం మనిషి దూరే గదిలో పెట్టొద్దు. మంట ఆర్పడానికి గాలిలో 34 శాతమైనా ఉండాలి, అంతకంటే చాలా తక్కువకే మనిషి స్పృహ తప్పి పోతాడు.

కొత్తచార్జర్:
మధ్యలో దూరుతున్నా, నాది ఎలక్ట్రిక్ కారు. ఇవేవైనా బ్యాటరీకి పనికొస్తాయా?

ప్యానెల్ బోర్డు:
బ్యాటరీ ప్యాక్ లోపల అంటుకుంటే పనికిరావు. లిథియం సెల్లు ఒకటి అదుపు తప్పిందంటే ఆ రసాయన చర్యే వేడిని పుట్టిస్తుంది, క్యాథోడ్ (సెల్లులో ప్లస్ వైపు పదార్థం) లోంచి ఆక్సిజన్ కూడా వస్తుంది, పక్క సెల్లుకి పాకుతుంది. పైన మంట ఆర్పినా లోపల ఉడుకుతూనే ఉంటుంది. కావాల్సింది చల్లబరచడం, అంటే నీళ్లు, అదీ బోలెడన్ని, ఫైర్ వాళ్లే చేయాలి. ఆరిందనుకున్న ప్యాక్ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ అంటుకుంటుంది. వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది, దగ్గర నిలబడి ఫోన్లో వీడియో తీయకండి దయచేసి.

పాతబండి:
అప్‌డేట్. ఆర్డర్ పెట్టిన గొట్టం వచ్చింది, విప్పి చూస్తే ఎరుపు బల్బు, డబ్బా మీద మాత్రం "కార్ స్పెషల్" అని పెద్ద అక్షరాలు. వెనక్కి పంపేశాను. బయటి వైర్లన్నీ పీకించి బ్యాటరీ పక్కనే ఫ్యూజులు వేయించాను, రేకు అంచులు ఉన్నచోట వైరుకి మందపాటి గొట్టం తొడిగించాను. పనిలో పనిగా చూస్తే బ్యాటరీ వెనకాల ఎవరో మెకానిక్ మర్చిపోయిన నూనె గుడ్డ ఒకటి దొరికింది, ఎన్నాళ్లుగా ఉందో దేవుడికే తెలియాలి. సిలిండర్‌కి బ్రాకెట్ వేయించాను. ట్యూబు సంగతి ఇంకా ఆలోచిస్తున్నా, గేజి చూసే ఓపిక నాకుందా అని. బ్యాటరీ మెట్ల కింద నుంచి వరండాలోకి వచ్చింది, ఇంట్లో దాని మీద వేరే గొడవ నడుస్తోంది.

స్పానర్ బాబాయ్:
ఆ గుడ్డ ఫొటో పెట్టు, మావాడిదే అయితే చెవి మెలేస్తా. హారన్ ఏం చేశావ్?

పాతబండి:
పాతదే పెట్టించాను బాబాయ్. మేకపిల్ల అరిచినట్టు ఉంది, ఉండనీ.