కాలనీ పార్కు బాగుచేయించుకోవడానికి నిధులు ఎలా అడగాలి?

నమస్కారం అండి. మాది తెలంగాణలో ఓ చిన్న మున్సిపాలిటీ. మా కాలనీ పార్కులో ఉయ్యాల గొలుసు తెగి ఒక పక్కకే వేలాడుతోంది. బోరు మోటారు కాలిపోయి వేప మొక్కలు ఎండిపోతున్నాయి. లైట్లు లేక ఆడవాళ్లు సాయంత్రం వాకింగ్ మానేశారు. ఎప్పుడు అడిగినా బడ్జెట్ లేదంటున్నారు.

2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే కేటాయించాలి కదా! అందులోంచి మోటారు, లైట్లు పెట్టించవచ్చా, లేక మొక్కలకేనా? ఎంపీకి ఏటా వచ్చే 5 కోట్ల నిధుల్లోంచి అడగాలంటే ఎస్టిమేట్ మనమే వేయించుకోవాలా? తలా కొంత చందా వేసుకోవడానికి మేం సిద్ధమే. తర్వాత నిర్వహణ ఎవరు చూస్తారన్నదే అసలు టెన్షన్.

ఇలా పార్కు బాగుచేయించుకున్నవాళ్లు ముందు ఎవరిని కలిశారో, ఏ కాగితాలు ఇచ్చారో దయచేసి చెప్పండి.