పవర్ పెంచితే బ్రేకులూ పెంచాల్సిందేనా?

టర్బోలాగ్:
నా సెడాన్‌కి నాలుగేళ్లు. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, కంపెనీ నుంచి వచ్చినప్పుడు 250 హార్స్‌పవర్. పోయిన నెల స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించాను, ఇప్పుడు 310 దగ్గర ఉంది. నాతో కలిపి బండి బరువు 1700 కిలోలు. రీమ్యాప్ చేసినాయన తాళాలు చేతికిస్తూ, "ఇక బ్రేకులు మార్చాల్సిందే సార్, ఈ పవర్‌కి పాత బ్రేకులంటే డేంజర్" అన్నాడు. ఆరు పిస్టన్ల క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకేసి నొక్కే భాగాలు), 380 మిల్లీమీటర్ల డిస్కులున్న కిట్ చూపించాడు. ఆ కిట్ అమ్మేది కూడా ఆయనే, అందుకే అనుమానం.

నా వాడకం: రోజూ ఆఫీసు, అప్పుడప్పుడు హైవే, ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలు (రేసు ట్రాక్ మీద సొంత బండి తోలే రోజులు). ఇంకో విషయం. రీమ్యాప్‌కి ముందే, పోయిన ట్రాక్ డేలో నాలుగో ల్యాప్‌లో పెడల్ మెత్తబడిపోయింది. కాలు దాదాపు కింద దాకా వెళ్లింది, రెండుసార్లు పంప్ చేస్తే మళ్లీ పైకొచ్చింది. ఆ టెన్షన్ ఇంకా పోలేదు. కిట్ నిజంగా అవసరమా, లేక నా భయాన్ని అమ్ముకుంటున్నారా?

కళ్లెం:
అవసరమే. గుర్రం బలిసినప్పుడు కళ్లెం పాతదే ఉంచుతారా? మీ బండి మోడల్‌నే చూడండి. చిన్న ఇంజిన్ వేరియంట్‌కి చిన్న డిస్కులు, పెద్ద ఇంజిన్‌కి పెద్ద డిస్కులు. కంపెనీ ఊరికే ఖర్చు పెట్టదు కదా. మీరు 60 గుర్రాలు పెంచారంటే పై వేరియంట్ స్థాయికి వెళ్లినట్టే, బ్రేకులు మాత్రం కింది వేరియంట్‌వి. పైగా పెడల్ ఒకసారి కిందికి వెళ్లిందని మీరే చెబుతున్నారు. ఇంకా ఏం సాక్ష్యం కావాలి?

నేలమీద:
మీ బ్రేకుల పవర్ ఎంతో ఎప్పుడైనా లెక్కేశారా? 1700 కిలోల బండి 100 కిలోమీటర్ల వేగంలో ఉండగా గట్టిగా తొక్కితే, అంటే 1 జీ (భూమి గురుత్వాకర్షణకి సమానమైన బలం) దగ్గర ఆపితే, ఆ క్షణంలో బ్రేకులు చేసే పని 460 కిలోవాట్లు. హార్స్‌పవర్‌లో 620 పైచిలుకు. అదే 200లో తొక్కితే 1240. మీ ఇంజిన్ 250 అయినా 310 అయినా బ్రేకుల ముందు పిల్లకాయే.

ఇక ఆపేది బ్రేకులు కాదు, టైర్లు. స్టాక్ బ్రేకులతో, అంటే కంపెనీ ఇచ్చినవాటితో, గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే వ్యవస్థ) కొట్టుకుంటోందా? కొట్టుకుంటోందంటే చక్రాన్ని లాక్ చేసేంత బలం మీ బ్రేకులకి ఇప్పటికే ఉంది. ఆ పైన పిస్టన్లు ఆరు పెట్టినా పన్నెండు పెట్టినా రోడ్డు ఇచ్చే పట్టు పెరగదు. టైరు పట్టు 0.9 జీ అయితే 100 నుంచి ఆగడానికి దాదాపు 44 మీటర్లు. మంచి టైరు వేసి 1.1కి తెస్తే 36. ఎనిమిది మీటర్లంటే దాదాపు రెండు కార్ల పొడవు. కిట్ పెట్టి అంత తగ్గించి చూపించండి. టైర్లు వదిలేసి బ్రేకుల మీద పడటం నేల విడిచి సాము చేయడమే.

కళ్లెం:
ఒక్కసారి ఆగడం గురించి నేను మాట్లాడలేదు. పదోసారి తొక్కినప్పుడు సంగతి ఏంటి? ఏబీఎస్ మొదటి ల్యాప్‌లో కొట్టుకుంటుంది, నాలుగో ల్యాప్‌లో ఆయన కాలు నేలకి తగిలింది. టైరు అదే, రోడ్డు అదే. మారింది వేడి. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఎక్కువ పవర్ ఉన్న బండి ప్రతి మలుపుకీ ఎక్కువ వేగంతో వస్తుంది, పైగా తొందరగా వస్తుంది. మధ్యలో డిస్కు చల్లారే టైమూ తగ్గుతుంది.

1953 లే మాన్ 24 గంటల రేసు ఏం చెప్పింది? 3.4 లీటర్ల జాగ్వార్ సీ-టైప్ డన్‌లప్ డిస్క్ బ్రేకులతో వచ్చి, అంతకంటే పెద్ద ఇంజిన్లతో, డ్రమ్ బ్రేకులతో వచ్చిన బండ్లను ఓడించింది. ఒక్కసారి తక్కువ దూరంలో ఆగినందుకు కాదు. రాత్రంతా, ప్రతి ల్యాప్‌లోనూ అదే చోట, అదే నమ్మకంతో తొక్కగలిగినందుకు.

బ్లీడర్ బాబాయ్:
మీ ఇద్దరి వాదన బాగానే ఉంది కానీ, టర్బోలాగ్ గారు చెప్పిన లక్షణాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పెడల్ మెత్తబడి కిందికి వెళ్లింది, పంప్ చేస్తే వచ్చింది. అది ప్యాడ్ ఫేడ్ (వేడికి ప్యాడ్ పట్టు పోవడం) కాదండీ. ప్యాడ్లు కాలితే పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు, మాడు వాసన వస్తుంది. మీకు జరిగింది వేరు. క్యాలిపర్‌లో బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయి. ద్రవం నొక్కితే నలగదు, బుడగ నలుగుతుంది. అందుకే మీ కాలి బలమంతా బుడగని నొక్కడానికే సరిపోయింది.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఇది గాల్లోని తేమని పీల్చుకునే సరుకు. డాట్ 4 (బ్రేక్ ఆయిల్ గ్రేడు) కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్లు 3.7 శాతం చేరితే అదే 155కి పడిపోవచ్చు. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మీకున్నది డాట్ 4 అయినా, నాలుగేళ్లది అయితే నీళ్లు చేరిన కథే.

డాట్ 5 మాత్రం పోయకండి. పేరు దగ్గరగా ఉందని పొరపడతారు. అది సిలికాన్, మీ వ్యవస్థలో కలవదు. 5.1 వేరు, అది పోయొచ్చు.

టర్బోలాగ్:
బాబాయ్ గారూ, సిగ్గుగా ఉంది కానీ చెబుతున్నా. సర్వీస్ పుస్తకంలో రెండేళ్లకోసారి అని ఉంది. బిల్లులన్నీ తిరగేశాను, ఒక్కసారి కూడా మార్చినట్టు లేదు. నేనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

నేలమీద:
అయిపోయింది కేసు. ఒక సీసా బ్రేక్ ఆయిల్‌తో పోయేదానికి ఆరు పిస్టన్లట.

స్లైడ్‌రూల్:
కేసు అంత తొందరగా అవదు. ఆయిల్ మరిగిందంటే క్యాలిపర్ దాకా అంత వేడి వెళ్లిందనే కదా అర్థం. అసలు ప్రశ్న: 60 గుర్రాలు ఎక్కువైతే బ్రేకుల్లోకి వేడి ఎంత ఎక్కువ వెళ్తుంది? సాయంత్రం కూర్చుని వేశాను.

ఒక మలుపు నుంచి 80లో బయటపడి 600 మీటర్లు తిన్నగా లాగించి, మళ్లీ 80కి తగ్గించాలనుకోండి. ఇంజిన్ శక్తిలో 15 శాతం దారిలో పోయిందని, గాలి నిరోధం లేదని అనుకుంటే, 250 గుర్రాలతో చివర దాదాపు 200 వేగం వస్తుంది, 310తో 217 వస్తుంది. బ్రేకులు మింగాల్సిన శక్తి 17 శాతం పెరుగుతుంది. గాలిని కలిపితే ఇంకా తక్కువే. అంటే 24 శాతం పవర్ పెంచితే వేడి అంతకంటే తక్కువే పెరిగింది. కళ్లెం గారు చెప్పిన "తొందరగా వస్తుంది" నిజమే, కానీ ఆ సరళరేఖ మీద మిగిలేది సెకను కూడా కాదు.

ఇప్పుడు రెండో వైపు. 1700 కిలోల బండిని 200 నుంచి పూర్తిగా ఆపితే 26 లక్షల జౌళ్లు. అందులో 70 శాతం ముందు డిస్కులదే అనుకుందాం. ఒక్కోటి 10 కిలోల పోత ఇనుము అయితే, ఆ ఒక్క తొక్కుడుకే డిస్కు 180 డిగ్రీలు వేడెక్కుతుంది. 100 నుంచి ఆపితే 45 డిగ్రీలే. ఆఫీసు దారిలో ఎవరికీ బ్రేకులు ఫేడ్ కాకపోవడానికి ఇదే కారణం.

బండ్లని దేనికి పరీక్షిస్తారో కూడా చూద్దాం. కార్ల బ్రేకులకి ఐక్యరాజ్యసమితి నిబంధన ఒకటుంది, ఆర్13-హెచ్ అని. అందులో వేడి పరీక్ష ఇలా ఉంటుంది: 120 నుంచి 60కి తగ్గించాలి, 45 సెకన్లకోసారి చొప్పున 15 సార్లు. వెంటనే వేడి బ్రేకులతో ఆపి చూస్తారు. మీ బండి బరువుకి ఇది సగటున 16 కిలోవాట్ల వేడి. ట్రాక్ మీద రెండు నిమిషాల ల్యాప్‌లో ఆరుసార్లు 200 నుంచి 80కి తగ్గిస్తే, సగటు 110 కిలోవాట్లు. ఏడింతలు! పోల్చండి: రీమ్యాప్ పెంచింది మహా అయితే 17 శాతం, ట్రాక్ పెంచింది ఏడింతలు. కాబట్టి మీ పెడల్ కిందికి వెళ్లడానికి గుర్రాలతో సంబంధం లేదు. ఎన్ని గుర్రాలున్నాయన్నది కాదు, వాటిని ఎక్కడ, ఎన్నిసార్లు ఆపుతున్నారన్నదే లెక్క.

సరదాకి ఇంకోటి వేశాను. ఘాట్ రోడ్డు మీద ఇదే బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 83 లక్షల జౌళ్లు. 200 నుంచి మూడుసార్లు ఆగిన దానికంటే ఎక్కువ. అక్కడ 80 హార్స్‌పవర్ బండికీ ఇదే బాధ. కింది గేరులో దిగితే చాలా భాగం ఇంజిన్ మింగేస్తుంది.

కళ్లెం:
స్లైడ్‌రూల్ గారూ, 17 శాతం ఒప్పుకుంటున్నాను. మనసులో ఇంకా ఎక్కువే ఉండేది. కానీ మీ లెక్క నాకే సాయం చేస్తోంది. ఆయన ట్రాక్‌కి వెళ్తాడు, అక్కడ ఏడింతలు. పెద్ద డిస్కు పెద్ద గిన్నె, అదే వేడికి తక్కువ కాగుతుంది.

స్లైడ్‌రూల్:
గిన్నె పోలిక మొదటి రెండు ల్యాప్‌లకే. పైనుంచి ధార ఆగకపోతే పెద్ద గిన్నె కూడా నిండుతుంది, కాస్త ఆలస్యంగా. ఆ తర్వాత లెక్కకొచ్చేది అడుగున చిల్లు ఎంత పెద్దదన్నది, అంటే డిస్కు గాలికి ఎంత వేడి వదిలేస్తోందన్నది. పెద్ద డిస్కుకి ఉపరితలం ఎక్కువ కాబట్టి అక్కడా కొంత లాభమే, కాదనను. కానీ చల్లగాలి సరిగ్గా డిస్కు మధ్యలోకి అందేలా చేస్తే పాత డిస్కు కూడా చాలా తేరుకుంటుంది.

బ్లీడర్ బాబాయ్:
కళ్లెం గారు తన బండికి కిట్ పెట్టించుకున్నప్పుడు పడ్డ పాట్లు కూడా చెబితే బాగుంటుంది. నాకు గుర్తుంది.

కళ్లెం:
చెబుతాను, దాచేదేముంది. మొదటి కిట్ క్యాలిపర్ పిస్టన్ల వైశాల్యం పాతదానికంటే బాగా ఎక్కువ. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టేది) మాత్రం పాతదే. పెడల్ ప్రయాణం పెరిగింది, స్పాంజీ మీద కాలేసినట్టుండేది. బలం ముందుకే ఎక్కువ పోయి వెనక బ్రేకులు ఉన్నా లేనట్టే. ఏబీఎస్ ముందు కంటే తొందరగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పాత చక్రాలు క్యాలిపర్‌కి తగిలితే అవీ మార్చాను. రెండో కిట్ సరిగ్గా కుదిరింది. ఇప్పుడు ఇరవై నిమిషాలు తొక్కినా పెడల్ ఒకే ఎత్తులో ఉంటుంది, ప్యాడ్లు మూడింతలు ఎక్కువ కాలం వస్తున్నాయి. తప్పు కిట్ పెట్టుకోవద్దంటే సరే. అసలు వద్దంటే మాత్రం ఒప్పుకోను.

నేలమీద:
డిస్కుల మీద చిల్లులు కూడా పెట్టించావా అన్నా?

కళ్లెం:
పెట్టించాను. ఒక సీజన్ తర్వాత ప్రతి చిల్లు చుట్టూ వెంట్రుకంత పగుళ్లు. ఇప్పుడు గీతలు చెక్కిన డిస్కులు వేశాను. నవ్వుకో.

నిశ్శబ్ద మోటారు:
కరెంటు బండ్లని కూడా కలపండి చర్చలోకి. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 1020 హార్స్‌పవర్. పవర్‌ని బట్టే బ్రేకులైతే దానికి విమానం బ్రేకులు ఉండాలి. రోజువారీ వాడకంలో చాలాసార్లు మోటారే బండిని తగ్గిస్తుంది, డిస్కులు తుప్పు పడుతుంటాయి. అదే బండికి ట్రాక్ కోసమని కంపెనీయే కార్బన్ సిరామిక్ బ్రేకుల కిట్ విడిగా అమ్మింది. రోడ్డుకి ఒక జవాబు, ట్రాక్‌కి ఇంకో జవాబు.

బ్లీడర్ బాబాయ్:
టర్బోలాగ్ గారూ, నా మాట వినండి. ముందు ఆయిల్ మొత్తం మార్చి బ్లీడింగ్ (గొట్టాల్లోని గాలి, పాత ఆయిల్ బయటికి తీయడం) చేయించండి. ముందు చక్రాలకి ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు వేయించండి. పూర్తి రేసు ప్యాడ్లు వద్దు, చల్లగా ఉన్నప్పుడు అవి పట్టవు, పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర గుండె ఆగుతుంది. క్యాలిపర్ మీద వేడి చూపించే స్టిక్కర్లు అంటించండి, చేరిన డిగ్రీ దగ్గర గడి నల్లబడి అలాగే ఉండిపోతుంది. చివరి ల్యాప్ బ్రేకు ముట్టుకోకుండా నెమ్మదిగా తిరగండి. ఆగాక కాలు పెడల్ మీద ఉంచకండి, హ్యాండ్‌బ్రేక్ వేయకండి. వేడి డిస్కుకి ప్యాడ్ అతుక్కుంటే అక్కడ మచ్చ పడుతుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. అందరూ డిస్కు వంకరపోయిందంటారు. చాలాసార్లు అది వంకర కాదు, ఈ మచ్చే. కిట్ సంగతి స్టిక్కర్ చూశాక మాట్లాడదాం.

టర్బోలాగ్:
ఆరు వారాల తర్వాత వస్తున్నాను. బ్లీడింగ్ దగ్గర నేనూ నిలబడ్డాను. నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) వదులు చేయగానే పారదర్శక గొట్టంలోకి వచ్చిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది. కొత్తది లేత పసుపు. గొట్టంలో రంగు మారే గీత కదులుతూ రావడం కళ్లారా చూశాను.

మొన్న ట్రాక్‌కి వెళ్లాను, 310 గుర్రాలతోనే. ఐదేసి ల్యాప్‌లు, నాలుగుసార్లు. పెడల్ ఎక్కడా కదల్లేదు. స్టిక్కర్‌లో 188 గడి నల్లబడింది, 193 తెల్లగానే ఉంది. పాత ఆయిల్ ఎందుకు మరిగిందో అర్థమైంది. కానీ ప్యాడ్లు పొద్దున 11 మిల్లీమీటర్లు ఉంటే సాయంత్రానికి 7.

కళ్లెం:
ఒక్క రోజులో నాలుగు మిల్లీమీటర్లా! కిట్ వద్దన్న వాళ్లందరూ ఒక్కో సెట్ ప్యాడ్లు చందా వేయండి ఆయనకి.

నేలమీద:
ఏడాదికి మూడు ట్రాక్ డేలు అన్నాడు. కిట్ ఖర్చుకి ఎన్నేళ్ల ప్యాడ్లు వస్తాయో లెక్కపెట్టు.

టర్బోలాగ్:
అదే లెక్కలో ఉన్నాను. ఒక డౌట్, బాబాయ్ గారూ. డిస్కు వెనకున్న రేకు పీకేస్తే గాలి బాగా తగులుతుందని ట్రాక్‌లో ఒకతను చెప్పాడు. తీసేయనా?

బ్లీడర్ బాబాయ్:
తీయకండి. డిస్కు వేడి బాల్ జాయింట్ రబ్బరుకీ, ఏబీఎస్ సెన్సర్ వైరుకీ నేరుగా తగలకుండా అడ్డుగా ఉండేది ఆ రేకే. దానికి ఒక చిల్లు చేసి, బంపర్ నుంచి గాలి గొట్టం తెచ్చి డిస్కు మధ్యలోకి గురిపెట్టండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, గొట్టం టైరుకి రాసుకోవడం లేదని చూసుకున్నాకే బిగించండి.