పత్తి కట్టె పైన బొగ్గు, లోపల పచ్చి: ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మాది వరంగల్ దగ్గర పల్లె. పత్తి కట్టెను చేనులో తగలబెట్టడం ఇష్టం లేక, పాత 200 లీటర్ల డ్రమ్ములో బయోచార్ (నేలలో కలిపే బొగ్గు) చేస్తున్నాను. సన్న పుల్లలు చక్కగా బొగ్గవుతున్నాయి, విరిస్తే టిక్కుమంటాయి. బొటనవేలంత లావు మొదళ్లు మాత్రం పైన నల్లగా, లోపల బెల్లం రంగులో ఉంటున్నాయి.

కట్టెలో ఉండే మూడు ముఖ్య పదార్థాల్లో హెమీసెల్యులోజ్ సుమారు 220–315, సెల్యులోజ్ 315–400 డిగ్రీల సెల్సియస్ మధ్య విడిపోతాయని, లిగ్నిన్ చాలా నెమ్మదని చదివాను. మరి నాకు చాలనిది వేడా, టైమా? లేక కట్టెలో తేమ ఆరలేదా? తెల్లపొగ పలచబడగానే మూత బిగించి, అంచులకు మట్టి మెత్తుతున్నాను. తొందరపడుతున్నానా? థర్మామీటర్ లేకుండా లోపలి దాకా బొగ్గయిందని గుర్తుపట్టే ఉపాయం ఏదైనా ఉంటే, చేసి చూసినవాళ్లు చెప్పండి.