వానాకాలపు ఆకుకూరను ఎండబెట్టి ఎండాకాలానికి దాచుకోగలమా?

దేవరకొండ టీచర్: వానలు పడ్డ రెండు నెలలు మా చేలల్లో గంగవాయిలి, తుమ్మికూర విరివిగా దొరుకుతాయి, పెరట్లో పుంటికూర నడుమెత్తు పెరుగుతుంది, ఎండలు ముదిరాక మాత్రం సంతలో కొంటే తప్ప ఆకుకూర పళ్లెంలోకి రాదు. దొరికినప్పుడే ఆకును మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి, నీడన ఆరబెట్టి దాచే పనిని మహిళా సంఘాలు చేపట్టాలని నా అభిప్రాయం.

నకిరేకల్ రైతు: నీడన ఎందుకు టీచరమ్మా? మా అమ్మ చింతచిగురును మిద్దె మీద మండుటెండలో ఎండబోసి, అరచేతుల మధ్య నలిపి, ఏడాదంతా పప్పులో వేసేది.

దేవరకొండ టీచర్: ఎండబెట్టినా ఇనుము, కాల్షియం పోవు అన్నా. కానీ నేరుగా ఎండ తగిలితే మన ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ చాలావరకు నశిస్తుంది.

నకిరేకల్ రైతు: చింతచిగురు వచ్చేది ఎండాకాలంలో. మీరు చెప్పే ఆకులు వచ్చేది ముసురులో. అప్పుడు నీడలో ఏ ఆకు ఆరుతుంది?

షాద్‌నగర్ పాఠకుడు: మునగాకు చాలా నెలలు చెట్టుకే ఉంటుంది, దాచే పని తక్కువ.

అచ్చంపేట కోడలు: మా సంఘానికి వచ్చిన సోలార్ డ్రయ్యర్ ఒకరి ఇంట్లోనే ఉండిపోయింది. మా అత్తా నేనూ పొద్దంతా కూర్చుని పది కిలోల పుంటికూర తుంపి మంచం మీద ఆరబెడితే, మిగిలింది కిలో. నెల తర్వాత డబ్బా మూత తీస్తే తెల్లటి బూజు. ఆ రోజు పోయిన కూలి ఎవరిస్తారు?

నకిరేకల్ రైతు: ఆకు గలగలమనేదాకా ఎండకుండానే మూత పెట్టి, తప్పు పద్ధతిది అంటే ఎట్లా?

అచ్చంపేట కోడలు: తప్పు నాదే అనుకుందాం. నిరుడు ఆ ఆకైనా దొరకలేదు అన్నా! చుట్టూ ఉన్న పత్తి చేలన్నిటిలో గడ్డిమందు కొట్టారు. గంగవాయిలి మాడిపోయి నేలకు అంటుకుపోయింది. ఎండలో ఆరబెట్టాలా, నీడలోనా అని మీరిద్దరూ వాదిస్తున్నారు, మాకు కోసుకునే చోటే లేదు. మీరూ పత్తే వేస్తారు కదా, మీరు కొట్టరా?

నకిరేకల్ రైతు: కొడతాను. కలుపు తీయడానికి మనుషులు దొరకక కొడతాను. కోసుకునేవాళ్లను నేను ఏనాడూ వద్దనలేదు, మందు కొట్టిన చోట కోయవద్దని మాత్రమే చెప్పాను.

దేవరకొండ టీచర్: గట్టు వెంట రెండు మూరలైనా మందు లేకుండా వదలగలరా?

నకిరేకల్ రైతు: పడమటి గట్టు వదులుతాను. వానాకాలంలో గాలి అటునుంచే వీస్తుంది కాబట్టి నా చేనులోని మందు దాని మీద పడదు. అవతల బీడు భూమే ఉంది.